చలనచిత్ర రంగంలో తొలిమెట్టు: ‘రన్నర్’ వృత్తి

చలనచిత్రం ముగిసిన పిమ్మట తెరపై పేర్లు వరుసగా కదలిపోతుంటాయి. అప్పటికే ప్రేక్షకులు లేచి ద్వారాల వైపు నడుస్తుంటారు. నటీనటుల పేర్లు, దర్శకుని పేరు అందరికీ తెలిసినవే. ఆ వరుసలో చిట్టచివర, చిన్న అక్షరాలలో, చదివేలోగానే మాయమయ్యే కొన్ని పేర్లుంటాయి. ఆ పేర్లు గలవారు చేసే పని ఏది? అందులో చేరినవారు ఎక్కడికి చేరుకుంటారు? మన కళాశాల విద్యార్థులలో చలనచిత్ర, టెలివిజన్ రంగాలపై ఆసక్తి గలవారి సంఖ్య తక్కువేమీ కాదు. అయితే వారిలో పెక్కుమంది ఆ మేడను పై అంతస్తు నుండే చూస్తున్నారు. దానికి మెట్లున్నవన్న సంగతిని, ఆ మెట్లలో మొదటిది ఎట్లా ఉంటుందన్న సంగతిని ఆలోచించటం లేదు. ఆ మొదటి మెట్టును గురించి వివరించటమే ఈ వ్యాసంలో మా ఉద్దేశం.

రన్నర్ అనగా ఎవరు?

‘రన్నర్’ అనగా పరుగెత్తేవాడు. బ్రిటన్ దేశపు చలనచిత్ర, టెలివిజన్ రంగాలలో అన్నిటికంటె క్రింది ఉద్యోగానికి ఈ పేరు స్థిరపడింది. అమెరికాలో ఇంచుమించు ఇదే పని చేసేవారిని ‘ప్రొడక్షన్ అసిస్టెంట్’ అని పిలుస్తారు. మన తెలుగు పరిశ్రమలో ఈ పేర్లు అంతగా వాడుకలో లేకపోయినా ఆ పని మాత్రం ఉన్నది. అయితే అది రెండు పాయలుగా చీలి ఉన్నది. ఒకటి నిర్మాణ శాఖ. ప్రొడక్షన్ మేనేజర్ క్రింద పనిచేసే సహాయకులు, టీ, మంచినీళ్ళు, భోజనాలు అందించే ప్రొడక్షన్ బాయ్స్ ఈ శాఖలోనివారు. రెండవది దర్శకత్వ శాఖ. కో-డైరెక్టర్, అసోసియేట్ డైరెక్టర్, అసిస్టెంట్ డైరెక్టర్ అను వరుసకు దిగువన అప్రెంటిస్‌గా చేరి, క్లాప్ కొట్టటంతో పని ప్రారంభించే యువకులు ఇందులోనివారు.

బ్రిటన్‌లోని రన్నర్ ఈ రెండు పాయల నడుమ అటూ ఇటూ తిరుగుతుంటాడు. మన వద్ద చేరదలచిన విద్యార్థి మాత్రం తాను ఏ పాయలో అడుగు పెడుతున్నాడో ముందుగానే తెలుసుకోవాలి. నిర్మాణ శాఖలోని మెట్లు ప్రొడక్షన్ మేనేజర్ పదవి వైపునకు, దర్శకత్వ శాఖలోని మెట్లు దర్శకుని పదవి వైపునకు సాగుతాయి. ఒక దానిలో చేరి రెండవ దాని ఫలితాన్ని ఆశిస్తూ ఏళ్ళు గడపటం విజ్ఞత కాదు.

ఈ ఉద్యోగం ఎందుకు ఏర్పడింది?

చిత్రీకరణ స్థలంలో వందమంది పనిచేస్తున్నారనుకొందాం. ఒక నటుడిని పిలుచుకొని రావటంలో పది నిమిషాలు ఆలస్యమైతే పోయేది పది నిమిషాలు మాత్రమే కాదు. వందమంది పది నిమిషాల చొప్పున ఊరకే నిలబడితే వేయి నిమిషాల శ్రమ, అనగా పదహారు గంటలకు పైగా శ్రమ వృథా అవుతుంది. అద్దెకు తెచ్చిన కెమెరాలు, లైట్లు, జనరేటర్ల ఖర్చు దీనికి అదనం. కాబట్టి కెమెరామన్ తన కెమెరాను, సౌండ్ రికార్డిస్టు తన యంత్రాన్ని, మేకప్ కళాకారుడు తన పెట్టెను విడిచి కదలరాదు. వారు కదలకుండా ఉండాలంటే వారి కోసం మరొకరు కదలాలి. ఆ కదిలే మనిషే రన్నర్. అతడు పరుగెత్తటం వలననే మిగిలిన వారు నిలిచి పనిచేయగలుగుతున్నారు.

షూటింగుకు ముందురోజు సాయంత్రమే మరునాటి పని వివరం సిద్ధమవుతుంది. ఏ స్థలంలో, ఏయే దృశ్యాలు, ఏ నటులు ఎన్ని గంటలకు రావాలి, ఏ వస్తువులు కావాలి అన్నవి అందులో ఉంటాయి. ఇంగ్లండులోను, అమెరికాలోను ఆ కాగితాన్నే కాల్‌షీట్ అంటారు. మన పరిశ్రమలో కాల్‌షీట్ అంటే నటుడు చిత్రానికి కేటాయించిన తేదీలు, యూనిట్ పనిచేసే ఒక విడత అనే అర్థాలు ఎక్కువ ప్రచారంలో ఉన్నవి. ఆ వివరం అందరికీ చేరిందో లేదో చూడటంతో రన్నర్ పని మొదలవుతుంది. ఉదయం అందరికంటె ముందు వచ్చి, రాత్రి ప్యాకప్ చెప్పిన తరువాత అందరికంటె వెనుక వెళ్ళటం అతని వంతు. నటులను గది నుండి చిత్రీకరణ స్థలానికి తీసుకొని రావటం, వీథిలో చిత్రీకరణ జరిగేటప్పుడు బాటసారులను మర్యాదగా ఆపటం, కొనుగోళ్ళకు ఇచ్చిన చిల్లర సొమ్ముకు రశీదులు తెచ్చి వోచర్లతో సహా లెక్క అప్పగించటం, టీలు, భోజనాలు వేళకు అందేలా చూడటం అతని నిత్యకృత్యాలు.

వీటన్నిటికంటె బరువైన బాధ్యత మరొకటి ఉన్నది. ఫిల్ముపై చిత్రీకరించిన రోజులలో ఆనాడు తీసిన రీళ్ళను లాబొరేటరీకి ఎవరో ఒకరు భద్రంగా చేర్చవలసి వచ్చేది. ఇప్పుడు మెమరీ కార్డులు, హార్డ్ డిస్కులు వచ్చాయి. వాటిలోని దృశ్యాలకు వేరే ప్రతులు తీసి పెడుతున్నా, ఎడిటింగ్ గదికి ఆ డిస్కును చేతితో మోసుకొని వెళ్ళే సందర్భాలు నేటికీ ఉన్నవి. లక్షల రూపాయల పని ఒక యువకుని సంచిలో ఉంటుంది. రన్నర్‌ను చిన్న ఉద్యోగి అనవచ్చును గాని అతనిపై ఉంచిన నమ్మకం చిన్నది కాదు.

1908లో పుట్టిన ఇద్దరు

ఈ తొలిమెట్టు నుండి ఎంత దూరం పోవచ్చునో తెలుసుకొనటానికి ఇద్దరి జీవితాలను పరిశీలిద్దాం. వారిద్దరూ 1908లోనే జన్మించారు. ఒకరు మన ఏలూరు సమీపంలోని సోమవరప్పాడు గ్రామంలో, మరొకరు ఇంగ్లండులోని క్రోయిడన్‌లో.

ఏలూరు ప్రాంతపు యువకుడు అక్కినేని లక్ష్మీవరప్రసాదరావు. రైతు కుటుంబం అప్పులపాలు కాగా, 1930లో ఇంట్లో చెప్పకుండా బొంబాయి చేరారు. అక్కడ వీనస్ ఫిలిం కంపెనీలో చిల్లరపనులు చేసే కుర్రవానిగా కుదిరారు. ‘రన్నర్’ అనే పేరు లేకపోయినా పని అదే. ఆ స్టూడియోల చుట్టూ తిరుగుతూనే 1931లో విడుదలైన ‘ఆలం ఆరా’, ‘కాళిదాస్’, 1932లో విడుదలైన ‘భక్త ప్రహ్లాద’ చిత్రాలలో చిన్నచిన్న వేషాలు వేశారు. హిందీ, తమిళ, తెలుగు భాషల తొలి టాకీలు మూడింటిలోనూ కనిపించిన నటుడు ఆయనే. అంత పొడుగు పేరు పలుకలేక ఒక గుమాస్తా దానిని కుదించి వ్రాయగా ఎల్.వి. ప్రసాద్ అనే పేరు నిలిచిపోయిందని చెబుతారు. ఆ తరువాత సహాయ దర్శకునిగా ఏళ్ళ తరబడి పనిచేసి, 1946లో ‘గృహప్రవేశం’ చిత్రానికి దర్శకత్వం వహించారు. ఎన్.టి. రామారావు గారు తొలిసారి తెరపై కనిపించిన ‘మనదేశం’ (1949), నేటికీ ప్రజలు మరువని ‘మిస్సమ్మ’ (1955) ఆయన దర్శకత్వంలోనివే. 1982 సంవత్సరపు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం ఆయనకు లభించింది. హైదరాబాదులో 1987లో ప్రారంభమైన ప్రసిద్ధ నేత్ర వైద్య సంస్థ ఆయన పేరు మీదనే నడుస్తున్నది.

ఇంగ్లండు యువకుడు డేవిడ్ లీన్. తండ్రి గారి లెక్కల కార్యాలయంలో పని నచ్చక 1927లో లండన్‌లోని గామాంట్ స్టూడియోలో టీ అందించే కుర్రవానిగా చేరాడు. పిమ్మట క్లాప్ కొట్టాడు. తరువాత వార్తాచిత్రాలకు, కథాచిత్రాలకు ఎడిటర్ అయ్యాడు. 1942లో తొలిసారి దర్శకుల స్థానంలో నిలిచాడు. ‘ది బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వాయ్’ (1957), ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’ (1962) చిత్రాలకు ఉత్తమ దర్శకునిగా ఆస్కార్ బహుమతులు పొందాడు. 1984లో విడుదలైన ‘ఎ ప్యాసేజ్ టు ఇండియా’ కోసం మన దేశానికి వచ్చి చిత్రీకరణ జరిపాడు.

ఈ ఇద్దరి చరిత్రలలోనూ ఒక పోలిక గమనింపదగినది. మొదటి ఉద్యోగానికీ మొదటి దర్శకత్వానికీ మధ్య ఇద్దరికీ సుమారు పదిహేనేళ్ళు పట్టింది. టీ కప్పు అందించటం వలన వారు దర్శకులు కాలేదు. టీ కప్పు పట్టుకొని ఏ గదిలోకి వెళ్ళారో ఆ గదిలో జరిగే పనిని కన్నులు విప్పి చూచి, ఆ తరువాత మరొక పనిని చేతికి తీసుకొని దానిని క్షుణ్ణంగా నేర్చినందున దర్శకులైనారు.

పరుగులోని చదువు

ఉర్దూలో ‘ఉస్తాద్’, ‘షాగిర్ద్’ అనే మాటలు మన ఇళ్ళలో అందరికీ తెలుసు. దర్జీ దుకాణంలోనైనా, మోటారు మెకానిక్ షెడ్డులోనైనా షాగిర్దు మొదట ఊడుస్తాడు, పనిముట్లు అందిస్తాడు. అందించే క్రమంలో ఏ పనిముట్టు ఎప్పుడు అవసరమో గ్రహిస్తాడు. చిత్రనిర్మాణంలోనూ విద్య ఇట్లాగే సంక్రమిస్తుంది.

క్లాప్ సంగతినే చూద్దాం. సాధారణంగా చిత్రాన్ని కెమెరా, శబ్దాన్ని వేరొక యంత్రం నమోదు చేస్తాయి. ఎడిటింగ్ గదిలో ఆ రెండింటినీ జతపరచాలి. పలకపై ఉన్న కర్ర తగిలిన క్షణం చిత్రంలో కనిపిస్తుంది. ‘టక్’ మన్న ధ్వని శబ్దంలో వినిపిస్తుంది. ఆ రెండు క్షణాలను కలిపితే పాత్రధారి పెదవుల కదలికకు మాట సరిపోతుంది. పలకపై దృశ్యం, షాట్, టేక్ సంఖ్యలు వ్రాస్తారు. ఒక్క అంకె తప్పు వ్రాస్తే ఎడిటింగ్ గదిలో గంటల తరబడి వెదుకులాట తప్పదు. పైగా సినిమాను కథ వరుసలో తీయరు. ఒకే ఇంటిలోని దృశ్యాలన్నీ ఒకేసారి తీస్తారు. కనుక శ్రద్ధగా క్లాప్ కొట్టే యువకునికి కొద్ది నెలలలోనే కథ ఎట్లా ముక్కలవుతుందో, ఆ ముక్కలు తిరిగి ఎట్లా అతుకుతాయో తెలిసిపోతుంది.

నిర్మాణ శాఖలోని లెక్కల పని కూడా తక్కువది కాదు. ‘మాయాబజార్’ (1957) దర్శకులు కె.వి. రెడ్డి గారు చిత్రరంగంలో మొదట క్యాషియర్‌గా, తరువాత ప్రొడక్షన్ మేనేజర్‌గా పనిచేసినవారే. కె. విశ్వనాథ్ గారు వాహినీ స్టూడియోలో శబ్దగ్రహణ శాఖ నుండి బయలుదేరి, ఆదుర్తి సుబ్బారావు గారి వద్ద సహాయకులై, ఆపై దర్శకులైనారు. కావున దారి ఒక్కటే కాదు. చేరిన శాఖలో అడుగు వరకు దిగటమే ముఖ్యం.

నాణెమునకు రెండవ వైపు

ఇంతవరకు చెప్పినది విని విద్యార్థులు ఉత్సాహపడి రేపే రైలెక్కుతారేమో. కాని ఒక విషయం మరువరాదు. పైన పేర్కొన్నవారి పేర్లు మనకు తెలియటానికి కారణం వారు పైకి రావటమే. పైకి రానివారి పేర్లను ఎవరూ వ్రాసిపెట్టలేదు. హైదరాబాదులోని కృష్ణానగర్ వీథులలో తెల్లవారుజామున పనికోసం నిలిచే వారిలో, ఒకప్పుడు ఒక్క సంవత్సరం ప్రయత్నిద్దామని ఊరు విడిచి వచ్చి, ఎన్నో సంవత్సరాలుగా నిలిచి ఉన్నవారు ఉన్నారు.

మొదటి చిక్కు వేతనం. “పని నేర్చుకుంటున్నావు గదా, జీతమెందుకు?” అనే మాట ఈ రంగంలో అన్ని దేశాలలోనూ వినిపిస్తుంది. జీతం లేకుండా రెండేళ్ళు నగరంలో బ్రతకగలిగేది ఎవరు? ఇంటినుండి సొమ్ము తెప్పించుకొనగలవాడు. మెకానిక్ కొడుకు, బీడీ కార్మికురాలి కూతురు ఆ పని చేయలేరు. ఉచిత శ్రమతో ప్రవేశమిచ్చే రంగం ప్రతిభను గాక ఇంటి ఆస్తిని పరీక్షిస్తున్నదన్న మాట. ఇంగ్లండులోని రెడింగ్ నగరంలో 2009లో ఒక ఉద్యోగ ట్రిబ్యునల్ దీనిపై తీర్పు చెప్పింది. కేవలం ఖర్చులు మాత్రమే తీసుకొని ఒక చిత్రానికి పనిచేసిన సహాయకురాలు, అందుకు తానే అంగీకరించినప్పటికీ, చట్టప్రకారం కనీస వేతనానికి అర్హురాలని ఆ తీర్పు సారాంశం.

మన దేశంలో 1981లోనే పార్లమెంటు సినీ కార్మికుల కోసం ఒక చట్టం చేసి, లిఖితపూర్వకమైన ఒప్పందం ఉండాలని నిర్దేశించింది. 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల స్మృతిలో ఆ నియమాన్ని ‘ఆడియో–విజువల్ కార్మికులు’ అనే పేరు క్రింద చేర్చారు. ఆ స్మృతి 2025 నవంబరు 21 నుండి అమలులోకి వచ్చింది. నోటిమాట మీద పని నడిచే అలవాటు ఎంత బలంగా ఉన్నా, కాగితం అడగటం అవమానకరం కాదని విద్యార్థులు గ్రహించాలి. 2025 ఆగస్టులో వేతనాల పెంపు కోరి తెలుగు చిత్ర కార్మికులు సమ్మె చేయగా షూటింగులు నిలిచిపోయాయి. ఏళ్ళ అనుభవం గల కార్మికులే సంఘటితంగా అడిగితే గాని పెరగని కూలి, ఒంటరిగా వచ్చిన క్రొత్తవానికి అడగకుండా లభించదు.

రెండవ చిక్కు భద్రత. 2020 ఫిబ్రవరి 19న చెన్నై సమీపంలో ఒక భారీ చిత్రం సెట్టుపై క్రేన్ కూలి ముగ్గురు మరణించారు. ఆ ముగ్గురూ సహాయక సిబ్బందిలోనివారే. అమెరికాలో 1997లో ఒక కెమెరా సహాయకుడు పంతొమ్మిది గంటల పని ముగించి కారు నడుపుకొంటూ ఇంటికి పోతూ ప్రమాదంలో ప్రాణం కోల్పోయాడు. అందరికంటె వెనుక ఇంటికి వెళ్ళే రన్నర్‌కు ఈ ప్రమాదం మరింత దగ్గర. నిద్ర లేనప్పుడు వాహనం నడపనని చెప్పటం, క్రేన్ క్రింద నిలువనని చెప్పటం సోమరితనం కాదు, ఆత్మరక్షణ.

విద్యార్థినుల విషయం ప్రత్యేకంగా చెప్పవలసి ఉన్నది. కేరళ ప్రభుత్వం 2017లో నియమించిన జస్టిస్ హేమ కమిటీ నివేదిక 2024 ఆగస్టులో బయటకు వచ్చింది. చిత్రీకరణ స్థలాలలో స్త్రీలకు మరుగుదొడ్లు, దుస్తులు మార్చుకొనే గదులు కూడా కరవైన సంగతిని, లైంగిక వేధింపుల సంగతిని ఆ నివేదిక బయటపెట్టింది. పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతి చోట ఫిర్యాదుల కమిటీ ఉండాలని 2013 నాటి చట్టం చెబుతున్నది. అంతకంటె తక్కువమంది ఉన్న చోట జిల్లా స్థాయి కమిటీకి ఫిర్యాదు చేయవచ్చును. ఆ కమిటీలో ఎవరున్నారని తొలిరోజుననే అడగటం ప్రతి విద్యార్థిని హక్కు.

ఎట్లా ప్రారంభించాలి?

మేము మొదట చెప్పదలచినది ఇంట్లో చెప్పి వెళ్ళమని. ఎల్.వి. ప్రసాద్ గారు చెప్పకుండా వెళ్ళారు గదా అనవచ్చును. ఆ తెగువ ఫలించినందున అది కథ అయింది, ఫలించని తెగువలు ఎన్నో ఇళ్ళలో కన్నీరుగానే మిగిలాయి. రెండవది, డిగ్రీ పూర్తి చేయటం. మూడవది, శిక్షణ. పూణెలోని ఫిలిం అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్ (1960), కలకత్తాలోని సత్యజిత్ రే సంస్థ (1995) జాతీయ స్థాయిలోనివి. ప్రవేశపరీక్ష కఠినమైనదే గాని అసాధ్యం కాదు. హైదరాబాదులో 1998లో స్థాపితమైన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయంలో జర్నలిజం, మాస్ కమ్యూనికేషన్ శాఖ ఉన్నది. ఉర్దూ మాధ్యమంలో చదివిన మన విద్యార్థులకు అది దగ్గర దారి.

ఇక్కడ మన విద్యార్థుల ప్రత్యేకత ఒకటి చెప్పాలి. వారికి తెలుగు, ఉర్దూ రెండూ వచ్చును. నేడు తెలుగు చిత్రాలు హిందీలోకి అనువాదమవుతున్నవి; హిందీ మాటలాడే నటులు, సాంకేతిక నిపుణులు తెలుగు యూనిట్లలో పనిచేస్తున్నారు. ఇరువురి మధ్య మాటను సరిగా చేరవేయగలవాడు సెట్టుపై అందరికీ అవసరమైనవాడే. దానికి డ్రైవింగ్ లైసెన్సు, పద్దు వ్రాయటం, కంప్యూటర్‌పై పట్టిక తయారుచేయటం తోడైతే పని వెదుక్కొనే యువకుడు వట్టి చేతులతో వెళ్ళినట్లు కాదు.

పనిలో చేరేముందు నాలుగు ప్రశ్నలు వేసుకొనవలెను. రోజు కూలి ఎంత, బత్తా ఎంత, అవి ఏ రోజున చేతికి వస్తాయి? పని గంటలు ఎన్ని, రాత్రి ఇంటికి చేర్చేది ఎవరు? యూనియన్ సభ్యత్వం ఎప్పుడు వస్తుంది, దాని రుసుము ఎంత? నేను నేర్చుకొనదలచిన పని జరిగే చోటికి నన్ను రానిస్తారా? ఈ చివరి ప్రశ్న అన్నిటికంటె ముఖ్యం. ఎడిటింగ్ నేర్వదలచినవాడు ఏడాది పాటు వంటశాల వద్దనే నిలిచిపోతే అది మెట్టు కాదు, మడుగు. రెండేళ్ళ గడువు పెట్టుకొని, అప్పటికి ఒక కొత్త పని చేతికి రాకుంటే చోటు మార్చవలెను. మార్చటం ఓటమి కాదు.

చేరిన తరువాత పాటింపవలసినవి స్వల్పమే. వేళకు రావటం, చెప్పినదానిని వ్రాసుకోవటం, తెలియనిది తెలియదనటం, రశీదు లేని పైసా ఖర్చుపెట్టకపోవటం, సెట్టుపై విన్నది బయట చెప్పకపోవటం. చిత్రానికి ముందే దృశ్యాలు బయటపడితే నిర్మాతకు జరిగే నష్టం అపారం. ఆ అపవాదు పడినవానికి మరల పని దొరకదు.

కళాశాల చేయదగినది

కమిటీ పెద్దలకు మా విన్నపం ఒకటున్నది. మన కళాశాలలో ప్రతి ఏటా వార్షికోత్సవం, ముషాయిరా జరుగుతున్నవి. వేదిక, మైకులు, అతిథుల రాకపోకలు, భోజనాలు, చిల్లర ఖర్చు అన్నీ అందులో ఉన్నవి. ఆ పనులను ఆసక్తి గల విద్యార్థులకు బాధ్యతలు విభజించి, సమయపట్టిక వ్రాయించి, పద్దు చూపించమని, దృశ్యాలు చిత్రీకరించి ఎడిట్ చేయమని అప్పగిస్తే ఖర్చు పెద్దగా లేకుండానే తొలిపాఠం ముగుస్తుంది. ఏడాదికొకసారి పరిశ్రమలో పనిచేసే ఒక ప్రొడక్షన్ మేనేజర్‌నో, సహాయ దర్శకునో పిలిపించి మాటలాడిస్తే మరింత మేలు. పేరు మోసిన నటుడు వస్తే విద్యార్థులు ఫోటోలు దిగుతారు. మేనేజర్ వస్తే ప్రశ్నలు అడుగుతారు. అట్లే నగరానికి వెళ్ళే విద్యార్థికి కళాశాల తరఫున ఒక పరిచయపత్రం ఇచ్చి, ఆరు నెలలకొకసారి అతని క్షేమసమాచారం కనుక్కొనే ఏర్పాటు చేస్తే, అతడు ఒంటరివాడు కాదన్న సంగతి అతనికీ, పనిలో పెట్టుకున్నవారికీ తెలుస్తుంది.

రన్నర్ పని నీచమైనది కాదు. నీచమైనది ఆ పనికి కూలి ఎగవేయటం, చేసేవాని కన్నులకు గంతలు కట్టటం. కూలి చేతికి అందుతూ, కన్నులకు పని కనిపిస్తూ ఉన్నంతవరకు ఆ పరుగు చదువే. ఆ రెండూ లేనినాడు ఆగి, మరొక ద్వారం తట్టే ధైర్యం మన విద్యార్థులకు ఉండాలని కోరుకొంటున్నాము.